సెనెకా నీతిలేఖల 9వ శతాబ్దపు రాతప్రతి: తిరుపతిలో అచ్చు తీయించి కుట్టించుకున్న పుస్తకంపై సమీక్ష

ఈ సమీక్ష ఒక పుస్తకం గురించి, దానిని తయారు చేసి ఇచ్చిన ఒక బైండింగు దుకాణం గురించి. రోమన్ తత్త్వవేత్త సెనెకా తన మిత్రుడు లూకిలియస్‌కు రాసిన నీతిలేఖలకు 9వ శతాబ్దంలో చర్మపత్రాలపై రాసిన ఒక ప్రతి జర్మనీలోని బాంబెర్గ్ నగర ప్రభుత్వ గ్రంథాలయంలో ఉంది. ఆ గ్రంథాలయం అంతర్జాలంలో ఉంచిన ఛాయాచిత్రాలను దించుకొని, బాలాజీ కాలనీ వైపు పరిశోధక విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలు కుట్టి ఇచ్చే ఒక చిన్న దుకాణంలో వాటిని రంగుల్లో అచ్చు తీయించి, దారపు కుట్టుతో పుస్తకంగా కట్టించుకున్నాను. లాటిన్ చదివినవారు మన ఊళ్లో అరుదు కనుక ఇటువంటి పుస్తకం ఎవరికి పనికివస్తుందని అడిగేవారు ఉంటారు. తాళపత్రాలపైనా, పాత రాతల పైనా, గ్రంథాలు మనదాకా వచ్చిన తీరుపైనా ఆసక్తి ఉన్న ఎవరికైనా ఇది పనికివస్తుంది. అయితే పుటను నాలుగు అంచులతో సహా, ఏమీ కోయకుండా, రంగు మార్చకుండా చూపినప్పుడే పనికివస్తుంది. దుకాణం పనితనాన్ని నేను ఈ ఒక్క గీటురాయితోనే అంచనా వేస్తున్నాను.

గ్రంథం గురించి ముందుగా చెప్పుకోవలసినది కొంత ఉంది. సెనెకా స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టి, రోములో పెరిగి, నీరో చక్రవర్తికి గురువుగా, సలహాదారుగా ఉండి, క్రీ.శ. 62 ప్రాంతంలో రాచకొలువుకు దూరమై, 65లో అదే చక్రవర్తి ఆజ్ఞ మేరకు ప్రాణం తీసుకున్నవాడు. ఆ చివరి మూడేళ్లలో, సిసిలీలో చక్రవర్తి తరఫున ఆర్థిక వ్యవహారాలు చూస్తున్న లూకిలియస్‌కు రాసినవి ఈ లేఖలు. ఇప్పుడు మనకు దొరుకుతున్నవి 124. అవి 20 భాగాలుగా ఉన్నాయి. 2వ శతాబ్దపు రచయిత ఆలస్ గెల్లియస్ 22వ భాగం నుంచి వాక్యాలు ఉదాహరించాడు కనుక మరికొన్ని లేఖలు ఉండేవని, అవి నశించాయని స్పష్టమవుతున్నది.

మిగిలినవి కూడా ఒకే కట్టగా రాలేదు. మధ్యయుగాలలో మొదటి 88 లేఖలు ఒక సంపుటంగా, 89 నుంచి 124 వరకు మరొక సంపుటంగా వేర్వేరు దారుల్లో ప్రయాణించాయి. మొదటి సంపుటానికి నకళ్లు విరివిగా పుట్టాయి. రెండవ దానికి చాలాకాలం పాటు బహు కొద్ది ప్రతులే ఉండేవి. బాంబెర్గ్ ప్రతి ఈ రెండవ సంపుటానిది. పాఠ పరిష్కర్తలు ఈ భాగానికి దీనినే ప్రధాన ఆధారంగా తీసుకుంటారు. దీనికి సాటిగా నిలిచే ప్రతులు రెండు. ఇటలీలోని బ్రెషా నగర గ్రంథాలయంలో ఉన్న ప్రతి ఒకటి. అందులో రెండు సంపుటాలూ కలిసి ఉండటం విశేషం. రెండవది స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఉండేది. 1870 ఆగస్టులో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య జరిగిన యుద్ధంలో ఆ నగరాన్ని ముట్టడించిన సైన్యం ఫిరంగులతో దాడి చేసినప్పుడు గ్రంథాలయం మొత్తం తగలబడి, ఆ మంటల్లో సెనెకా ప్రతి కూడా బూడిదైపోయింది.

ఇక్కడ కొంచెం ఆగవలసిన విషయం ఒకటి ఉంది. ఈ రెండవ సంపుటంలోని 91వ లేఖ ఒక అగ్నిప్రమాదం గురించినది. లియాన్ నగరం తగలబడిందన్న వార్త విని, ఆ ఊరిని ప్రాణంగా ప్రేమించే లిబెరాలిస్ అనే మిత్రుడు కుంగిపోయాడని చెబుతూ లేఖ మొదలవుతుంది. ఒక మహానగరానికీ, ఏమీ లేకపోవడానికీ మధ్య ఒక్క రాత్రే తేడా అని సెనెకా అందులో రాస్తాడు. ఏ ఆపదనూ జరగదులే అని పక్కన పెట్టకుండా ముందే మనసులో ఊహించి చూసుకోవాలని, ఊహించని దెబ్బే ఎక్కువ బరువుగా తగులుతుందని ఆయన వాదన. ఈ లేఖను మోసుకుంటూ వచ్చిన అతి కొద్ది ప్రాచీన ప్రతుల్లో ఒకటి ఆగస్టు రాత్రి మంటల్లో పోయింది. అది పోవడానికి ముందే అందులోని పాఠాన్ని సరిచూసి నమోదు చేసి ఉంచారు కనుక, 1879లో ఫ్రాంట్స్ బ్యూహెలర్ అనే పండితుడు బాంబెర్గ్, స్ట్రాస్‌బర్గ్ ప్రతుల ఆధారంగా కొన్ని లేఖలను పరిష్కరించి ప్రచురించగలిగాడు. ప్రతి ఒక్క అక్షరాన్నీ ఎవరో ఒకరు ఓపికగా ఎత్తి రాసుకోకపోతే ఏమై ఉండేదో 91వ లేఖ పుటను ముందు పెట్టుకొని ఆలోచించినప్పుడు, ఛాయాచిత్రాలను ఉచితంగా అందరికీ తెరిచి పెట్టిన గ్రంథాలయం చేసిన ఉపకారం ఎంతటిదో నాకు అర్థమైంది. ఇంత విలువైన ప్రతిని ఇంటి నుంచి చూడగలగడం ఒక తరం కిందట తిరుపతిలో ఉన్న ఏ పండితునికీ సాధ్యం కాని పని.

చదవడం కష్టమేమోనన్న భయం అక్కర లేదు. షార్లెమేన్ చక్రవర్తి పాలనాకాలంలో, అంటే 8వ శతాబ్దం చివర రూపుదిద్దుకున్న గుండ్రని చిన్న అక్షరాల లిపి ఇది. 15వ శతాబ్దపు ఇటలీ పండితులు ఈ లిపినే ఆదర్శంగా తీసుకోవడం వల్ల, అచ్చుయంత్రం వచ్చినప్పుడు రోమన్ అచ్చు అక్షరాలు దీని పోలికతోనే పోత పోశారు. కనుక ఇంగ్లీషు అక్షరాలు వచ్చిన ఎవరైనా ఈ పుటలో సగానికి పైగా అక్షరాలను మొదటి చూపులోనే గుర్తుపట్టగలరు. కొన్ని మెలకువలు మాత్రం తెలిసి ఉండాలి. 'ఎస్' అక్షరం పొడుగ్గా నిలబడి 'ఎఫ్'లా కనిపిస్తుంది. 'యు', 'వి' అనే అక్షరాల మధ్య ఇప్పటి తేడా ఉండదు. స్వరాక్షరం మీద అడ్డగీత ఉంటే ఆ తరువాత 'ఎమ్' గాని 'ఎన్' గాని చేర్చుకోవాలి. 'పి' కాలికి అడ్డగీత ఉంటే దానిని 'పెర్' అని చదవాలి. మాటల మధ్య ఎడం ఎప్పుడూ సమంగా ఉండదు. లేఖ ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడం కూడా సులువే: ప్రతి లేఖా 'సెనెకా లూకిలియో సువో సలూతెమ్' అన్న పలకరింపుతో మొదలై, 'వాలే' అన్న వీడ్కోలుతో ముగుస్తుంది. ఈ రెండు గుర్తులు పట్టుబడితే పుస్తకంలో దారి తప్పడం ఉండదు.

అర్థం కోసం మాత్రం పక్కన మరొక పుస్తకం ఉండాలి. లోబ్ గ్రంథమాలలో రిచర్డ్ గమ్మియర్ 1917, 1925 మధ్య మూడు సంపుటాలుగా ప్రచురించిన లాటిన్, ఇంగ్లీషు ఎదురుబొదురు పాఠం ఇందుకు చక్కగా సరిపోతుంది. బాంబెర్గ్ ప్రతిలోని లేఖలకు రెండవ సంపుటం చివరి భాగం, మూడవ సంపుటం అవసరమవుతాయి.

ఇక అచ్చు పని గురించి. మొదట వేరొక దుకాణంలో అచ్చు తీయించాను. అక్కడివారు చిత్రాన్ని కంప్యూటరులో తెరవగానే, అలవాటు కొద్దీ, దానిని ప్రకాశవంతం చేసే మీట నొక్కారు. చర్మపత్రపు గోధుమ రంగు పోయి పుట తెల్లబడింది, సిరా నల్లబడింది. చూడటానికి నీటుగానే ఉంది గాని అది బాంబెర్గ్ ప్రతి కాదు. ఆపై పుస్తకం అంచులు సమంగా రావాలని కటింగు యంత్రంలో పెట్టి మూడు వైపులా కోశారు. ఆ కోతలో పుట చుట్టూ ఉన్న ఖాళీ స్థలం చాలా వరకు పోయింది. పాత చర్మపత్ర ప్రతిలో ఆ ఖాళీ స్థలం ఊరకే ఉన్నది కాదు. గీతలు గీసుకోవడానికి కొలత పెట్టి పొడిచిన సూది రంధ్రాలు ఉండేది అక్కడే. తప్పిపోయిన మాటను తరువాతి చేయి రాసి చేర్చేది అక్కడే. ఏదైనా వాక్యం మీద చదువరి మనసు నిలిచినప్పుడు గుర్తు పెట్టుకునేదీ అక్కడే. పాఠం కోసమే అయితే అచ్చు పుస్తకం చాలు. రాతప్రతి చిత్రాన్ని కొనుక్కోవడం అంచుల కోసమే. ఆ ప్రతిని నేను తిరిగి ఇచ్చేశాను.

బాలాజీ కాలనీ వైపు దుకాణంలో అనుభవం పూర్తిగా వేరు. అక్కడ బైండింగు పని చూసే పెద్దాయన చిత్రాలను కదిలించి చూసి, పుట పక్కన ఛాయాగ్రాహకులు పెట్టిన రంగుల పట్టీని గమనించి, నమూనాకు ఒక్క పుట అచ్చు తీసి తెరతో పోల్చి చూద్దామని తానుగా ప్రతిపాదించారు. అంచు కోయవద్దన్నప్పుడు, "కోయకుంటే ఆకులు ఎగుడుదిగుడుగా వస్తాయి సార్, మీకు పర్వాలేదా?" అని అడిగి, పర్వాలేదన్నాక మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. చెప్పినది చెప్పినట్టు చేశారు. సిద్ధాంత వ్యాసాలకు మామూలుగా వాడే జిగురు బైండింగు ఈ పుస్తకానికి పనికిరాదు. పుట పూర్తిగా విచ్చుకోకపోతే లోపలి అంచు కనబడదు. అందుకని ఏ3 కాగితాలపై పక్కపక్కనే రెండేసి పుటలు అచ్చు తీసి, నాలుగేసి కాగితాలను కలిపి మధ్యకు మడిచి, ఒక్కొక్క మడతను దారంతో కుట్టి, ఆ మడతలన్నింటినీ ఒకదానితో ఒకటి కుట్టారు. నాలుగు కాగితాలను మడిస్తే ఎనిమిది ఆకులు వస్తాయి. 9వ శతాబ్దపు యూరపులో చర్మపత్ర గ్రంథాలకు కూడా మామూలుగా ఇదే లెక్క: నాలుగు చర్మపు రేకులు, ఒక మడత, ఎనిమిది పత్రాలు.

పుటల వరుస విషయంలో ఆయన చూపిన శ్రద్ధ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. చర్మపత్రానికి రెండు ముఖాలు ఒకేలా ఉండవు. వెంట్రుకలు ఉన్న వైపు కొంచెం పసుపు తిరిగి, చిన్న చిన్న చుక్కలతో ఉంటుంది. మాంసం ఉన్న వైపు తెల్లగా, నునుపుగా ఉంటుంది. పుస్తకం విప్పినప్పుడు ఎదురెదురుగా ఉన్న రెండు పుటలూ ఒకే రంగులో ఉండేలా, పసుపు ముఖానికి పసుపు ముఖం, తెల్ల ముఖానికి తెల్ల ముఖం వచ్చేలా ఆ కాలపు యూరపు లేఖకులు రేకులను పేర్చేవారు. అచ్చులో మొదటి పుట కుడివైపు పడకుండా ఎడమవైపు పడితే చాలు, ఈ జోడింపు పుస్తకమంతటా తారుమారవుతుంది. ఈ సంగతి వివరించినప్పుడు ఆయన ఆసక్తిగా విని, ముందు ఒక ఖాళీ పుట చేర్చి వరుస సరిచేసి, కుట్టడానికి ముందు మడతలన్నీ నా ముందే తిప్పి చూపించారు. అట్టకు మెరిసే రెక్సిన్ కాకుండా ముదురు రంగు కేలికో గుడ్డ వేశారు. మెరుపు లేని మందపు కాగితం వాడటం వల్ల దీపం వెలుతురులో కూడా పుట మీద మెరుపు మచ్చ పడదు.

అచ్చులో పోయినవి కూడా ఉన్నాయి. లేఖకుడు గీతలు గీసుకోవడానికి సిరా వాడకుండా మొనదేలిన సాధనంతో చర్మంపై నొక్కి గాడి పెట్టుకుంటే, ఆ గాడి వెలుతురు పక్క నుంచి పడినప్పుడు మాత్రమే కనబడుతుంది. తెర మీద చిత్రాన్ని పెద్దది చేసుకున్నప్పుడు అక్కడక్కడ దొరికే ఆ గాడి నీడలు కాగితం మీద దాదాపు మాయమయ్యాయి. చర్మాన్ని గీకి దిద్దిన చోట్లు కూడా తెర మీదనే బాగా తెలుస్తాయి. రంగుల అచ్చు ఖర్చు నలుపు తెలుపు అచ్చు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. విద్యార్థులకు ఇది భారమే. అటువంటివారు తమకు నచ్చిన ఒకటి రెండు లేఖలు మాత్రం రంగుల్లో తీయించుకొని, మిగిలినవి తెర మీద చదువుకోవచ్చు. అయినా పుస్తకంగా చేతిలో ఉండటంలో ఒక లాభం ఉంది. తెర మీద ఒక్కొక్క పుటను విడిగా, పెద్దదిగా చూస్తాం. పుస్తకం విప్పినప్పుడు లేఖ ఎంత పొడవుందో, ఎక్కడ మడత మారిందో, సిరా ఎక్కడ పలుచబడి మళ్లీ చిక్కబడిందో చేతికీ కంటికీ ఒకేసారి తెలుస్తుంది.

ఈ సంపుటంలో ఏది ముందు చదవాలని అడిగేవారికి 108వ లేఖ సూచిస్తాను. యువకుడిగా ఉన్నప్పుడు అట్టాలస్ అనే గురువు పాఠానికి అందరికంటే ముందు వెళ్లి, అందరికంటే చివర బయటికి వచ్చేవాడినని సెనెకా అందులో గుర్తుచేసుకుంటాడు. సోటియన్ అనే మరొక గురువు పైథాగరస్ సిద్ధాంతాన్ని వివరిస్తూ, ఆత్మ ఒక శరీరం నుంచి మరొక శరీరానికి వెళుతుందని, కనుక జంతువును చంపి తినడం ఆత్మీయులను చంపడమే కావచ్చునని చెప్పగా విని, మాంసాహారం మానేశాడు. ఏడాది తిరిగేసరికి ఆ అలవాటు సులువుగానే కాక ఇష్టంగా కూడా మారిందంటాడు. అయితే టైబీరియస్ చక్రవర్తి పాలన తొలినాళ్లలో విదేశీ ఆరాధనా పద్ధతులపై కన్నెర్ర చేయడం, కొన్ని జంతువుల మాంసం తినకపోవడమే వాటిని ఆచరిస్తున్నారనడానికి సాక్ష్యంగా తీసుకోవడం వల్ల, తండ్రి కోరిక మేరకు మళ్లీ పాత భోజనానికి మళ్లాడు. పునర్జన్మ, శాకాహారం అనే మాటలు నిత్యం వినబడే ఈ ఊళ్లో, రెండు వేల ఏళ్ల కిందటి ఒక రోమనుడు వాటిని ఇంత స్వంతంగా, ఇంత నిజాయితీగా ప్రస్తావించడం చదివినప్పుడు మనసు తప్పక నిలుస్తుంది. అదే లేఖలో, ఒకే పచ్చికబయలులో ఎద్దు గడ్డిని, కుక్క కుందేలును, కొంగ బల్లిని వెతుకుతాయని చెబుతూ, ఒకే గ్రంథంలో వ్యాకరణ పండితుడు ఒకదాన్ని, తత్త్వజిజ్ఞాసువు మరొకదాన్ని వెతుకుతారని సెనెకా వివరిస్తాడు. అక్షరాల రూపం కోసం ఈ పుస్తకం విప్పిన నాకు ఆ మాట నేరుగా తగిలింది. ఆ పూట లిపిని పక్కన పెట్టి లేఖ మొత్తం అర్థం కోసమే చదివాను.

తరువాత 95వది చదవాలి. మనిషికి మనిషి పవిత్రమైనవాడని, అటువంటి మనిషిని ఆటగా, వినోదం కోసం చంపుతున్నారని, మనమందరం ఒక మహాశరీరానికి అవయవాలమని అందులో ఉంది. 107వ లేఖలో గ్రీకు తత్త్వవేత్త క్లియాంథెస్ పద్యానికి సెనెకా చేసిన లాటిన్ అనువాదం ఉంది: ఒప్పుకున్నవాణ్ణి విధి వెంటబెట్టుకొని నడిపిస్తుంది, ఒప్పుకోనివాణ్ణి ఈడ్చుకుపోతుంది అన్న ప్రసిద్ధ పంక్తి అక్కడిదే. విడివిడి నీతి సలహాల విలువపై తర్కం నడిచే 94వ లేఖ, 'మంచి' అన్నది ఏమిటో చర్చించే చివరి లేఖలు కొత్త చదువరికి బరువుగా ఉంటాయి. వాటిని తరువాతకు ఉంచుకోవచ్చు.

తిరుపతిలో ఉండి ఈ పుస్తకం చదివేవారికి మరొక సౌకర్యం ఉంది. 1939లో తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పగా తరువాత శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భాగమైన ప్రాచ్య పరిశోధనా సంస్థలో తాళపత్ర గ్రంథాలు ఉన్నాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పరిష్కర్తలు పనిచేసిన చోటు అది. గంటంతో తాటాకు మీద గీసి, మసి పూసి అక్షరాన్ని తేల్చే పద్ధతికీ, ఈక కలంతో చర్మం మీద సిరాతో రాసే పద్ధతికీ పనిముట్లలో పోలిక లేదు. పడిన శ్రమ మాత్రం ఒకటే. వీపు, నడుము, మెడ విరిగేలా, చూపు బిగుసుకుపోయేలా, తల వంచుకొని కష్టపడి రాసిన గ్రంథమిది, దీనిని ప్రయత్నపూర్వకంగా కాపాడండి అని మన లేఖకులు ప్రతి చివర 'భగ్నపృష్ఠకటిగ్రీవః' అనే శ్లోకం రాసేవారు. రాసేవి మూడు వేళ్లే అయినా శ్రమపడేది శరీరమంతా అని 9వ శతాబ్దపు లాటిన్ లేఖకులు తమ ప్రతుల చివర రాసుకున్నారు. తాళపత్రాలు చూసిన కన్నుతో ఈ చర్మపత్ర చిత్రాన్ని చూస్తే, ఒకే అక్షరాన్ని చేయి రెండు విధాలుగా తిప్పిన చోటు, పంక్తి చివర స్థలం చాలక అక్షరాలు ఇరికించిన చోటు వెంటనే పట్టుబడతాయి.

కట్టించుకోదలచినవారికి కొన్ని మాటలు. చిత్రాలను గ్రంథాలయం ఇచ్చే అతి పెద్ద కొలతలోనే దించుకోవాలి. వాడుక నిబంధనలు చదివి, ప్రతి ఉన్న గ్రంథాలయం పేరు, ప్రతి సంఖ్య పుస్తకం మొదటి ఆకు మీద అచ్చు వేయించాలి. రంగులు సరిచేయవద్దని, అంచులు కోయవద్దని కాగితం మీద రాసి ఇవ్వాలి. పని సిద్ధాంత వ్యాసాలు సమర్పించే రోజుల్లో ఇస్తే దుకాణంవారికి తీరిక ఉండదు. ఆ రద్దీ తగ్గాక ఇస్తే కుట్టు నిదానంగా, గట్టిగా వస్తుంది. దుకాణానికి నా వైపు నుంచి ఉన్న ఒకే ఒక్క సూచన, పుస్తకం వెన్ను మీద అక్షరాలు ఇంకొంచెం చిన్నవిగా, పొందికగా వేయాలన్నది. మొదటి లేఖ నుంచి వరుసగా చదవాలనుకునేవారికి ఈ బాంబెర్గ్ ప్రతి సరిపోదు. మొదటి సంపుటానికి 9వ శతాబ్దపు ప్రతులు పారిస్‌లోని ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటిలో ఒకదాని చిత్రాలను ఇదే దుకాణానికి, ఇదే కాగితానికి, ఇదే కుట్టుకు ఇవ్వాలని నిర్ణయించుకున్నాను.